గీజరుకు బీమా తీసుకుంటున్నం, ఇంటికి మరిచిపోతున్నం

పోస్టు కొంచెం పెద్దగైంది. టైం చూసుకొని మొత్తం చదవండి, పైసలకు సంబంధించిన ముచ్చట.

మన మేడ్చల్, శామీర్‌పేట దిక్కు ఊర్లల్ల కొత్త ఇండ్లు బాగ లేస్తున్నయి. కొందరు ఉన్న భూమిల కొంత అమ్మి కట్టుకున్నరు, కొందరు లోను తీసుకొని కట్టుకున్నరు. గీజరో, ఫ్రిజ్జో, ఇన్వర్టరో కొందామని సుచిత్ర, కొంపల్లి దిక్కు పోతే, బిల్లు కొట్టేటప్పుడే ఇంకో మాట అడుగుతున్నరు. "ఇంకో రెండు మూడు వేలు పెట్టండి, మూడేండ్ల దాక ఏది ఖరాబైనా మేమే చూసుకుంటం" అని. ఆ తర్వాత ఫోన్లు మొదలైతయి. ఇంట్ల కరెంటు పని, నల్లా పని, గీజరు, మోటరు అన్నిటికి కలిపి ఏడాదికి ఇంత కడితే అర్ధరాత్రి పిలిచినా మనిషి వస్తడంటరు.

పిల్లలు లండన్ దిక్కు పోయినోళ్లకు ఇంకో ప్రశ్న వస్తున్నది. "నాయినా, ఇక్కడ బాయిలర్ ఇన్సూరెన్స్ తీసుకొమ్మంటున్నరు, తీసుకోవాల్నా?" అని కొడుకు అడిగితే, మా ఊరి పెద్దమనిషి ఒకాయన "అక్కడ గూడ కోళ్లఫారం పెట్టినవా బిడ్డా" అన్నడట. మన దిక్కు బాయిలర్ అంటే కోడే గద. అక్కడ బాయిలర్ అంటే గోడకు బిగించిన గ్యాసు మిషను. నీళ్లు కాగబెడతది, చలికాలం ఇల్లంత వెచ్చగ ఉంచుతది. ఇక్కడి గీజరు ప్లాన్ అయినా, అక్కడి బాయిలర్ ప్లాన్ అయినా లోపలి లెక్క ఒక్కటే.

నా అభిప్రాయం ముందే చెప్త. మన జేబుల నుంచి పెట్టుకోగలిగే చిన్న రిపేరుకు బీమా అక్కర లేదు. ఒక్క దెబ్బతోని ఇంటిని, సంసారాన్ని అప్పుల పాలు జేసే నష్టానికి బీమా లేకుంట ఉండొద్దు. మనం దీన్ని తలకిందులు జేస్తున్నం. పదివేల గీజరుకు ప్లాన్ కడుతున్నం, ముప్పై లక్షల ఇంటికి ఒక్క కాగితం లేదు.

ముందుగాల మనకు అమ్మేది ఏందో తెలుసుకోవాలె. "ప్లాన్" అనే మాట కింద రెండు రకాలు ఉంటయి. ఒకటి నిజమైన ఇన్సూరెన్సు. అది ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఉన్న కంపెనీ ఇస్తది. పాలసీ కాగితం మీద కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు, ఆ పాలసీకి యూఐఎన్ అనే నంబరు ఉంటయి. రెండోది సర్వీసు కాంట్రాక్టు. దీన్నే ఏఎంసీ అంటరు, కొన్నిచోట్ల ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటరు. ఇది బీమా కాదు. కంపెనీ మూతపడితే మన కాగితం చిత్తుకాగితమే. ఫోన్ల మాట్లాడేటోళ్లు రెండింటిని కలిపి "ఇన్సూరెన్సు" అని చెప్తరు. యూఐఎన్ నంబరు అడగండి. చెప్పలేకపోతే అది రెండో రకమే అనుకోండి.

ఇగ లెక్కకు వద్దాం. లెక్క కోసం ప్లాన్ ఏడాదికి 4,000 అనుకుందాం. 5 ఏండ్లకు 20,000. ఈ 5 ఏండ్లల్ల ఇంట్ల ఏమేమి ఖరాబైతయి? మన బోరు నీళ్లు ఉప్పునీళ్లు. గీజరు లోపల తెల్లగ చౌడు పేరుకొని ఎలిమెంటు కాలిపోతది. థర్మోస్టాట్ ఒకసారి పోవచ్చు. రెండూ కలిపి, మెకానిక్ కూలితో సహా రెండు మూడు వేలల్ల అయిపోతది. ట్యాంకు కారితే గీజరే మార్చాలె గాని, చాలా కంపెనీలు ట్యాంకుకు ఎక్కువ ఏండ్ల వారంటీ ఇస్తున్నయి. ఆ కార్డు బీరువల పెట్టి మనమే మరిచిపోతం. ఫ్రిజ్జుల గ్యాసు ఒకసారి నింపాల్సి రావచ్చు. నీళ్ల ఫిల్టరుల మార్చాల్సింది ఎక్కువగ క్యాండిళ్లు, మెంబ్రేన్. అవి "అరిగిపోయే సామాన్లు" అని చాలా ప్లాన్లల్ల బయటపెడతరు. ఇన్వర్టరు బ్యాటరీ కూడ అంతే. అంటే అసలు ఖర్చు వచ్చే వాటిని పక్కకు పెట్టి, తక్కువ ఖర్చు వచ్చే వాటికి ధీమా ఇస్తున్నరు.

ఇందుల మోసం ఉండాల్సిన అవసరం కూడ లేదు, లెక్కే అట్ల ఉంటది. మనం కట్టిన 4,000 ల నుంచి అమ్మినోనికి కమీషను, ఫోన్ సెంటరుకు జీతాలు, ఆఫీసు కిరాయి, జీఎస్టీ, కంపెనీ లాభం పోవాలె. మిగిలిన దాంట్ల నుంచే రిపేర్లు చెయ్యాలె. అందరి లెక్క కలిపితే కట్టినదానికన్న వచ్చేది తక్కువే ఉంటది. పెద్ద నష్టానికి ఆ తేడా భరించుడు న్యాయమే, ఎందుకంటే పెద్ద నష్టం ఒంటరిగ మోయలేం. వెయ్యి రూపాయల ఎలిమెంటుకు ఆ తేడా ఎందుకు భరించాలె?

అయితే ఒక మాట ఒప్పుకోవాలె. పిల్లలు దూరదేశంల ఉండి, ఇంట్ల ముసలోళ్లు ఇద్దరే ఉంటే, రాత్రి నల్లా పైపు పగిలితే ఎవరిని పిలవాల్నో తెల్వదు. అట్లాంటోళ్లు మంచి పేరున్న సర్వీసు ప్లాన్ తీసుకుంటే తప్పు లేదు. వాళ్లు కొనేది బీమా కాదు, ఒక ఫోన్ నంబరు, మనిషి వస్తడనే నిమ్మళం. అది తెలిసి కొంటే మంచిదే. మన ఊర్లల్ల మాత్రం మెకానిక్ మనకు తెలిసినోడే ఉంటడు.

ఇప్పుడు మనకు అసలైన అత్యవసరం, బోరు మోటరు. పట్నంల బాయిలర్ ఆగితే చలి పెడతది. మనకు మోటరు ఆగితే పంటే పోతది. దానికి కూడ బీమా ఉన్నది. ప్రభుత్వ రంగ జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలల్ల వ్యవసాయ పంపుసెట్ల పాలసీ అని చాలా ఏండ్ల నుంచి ఉన్నది. నిప్పు, పిడుగు, దొంగతనం, కరెంటు వల్ల, యంత్రం వల్ల వచ్చే ఖరాబులకు వర్తిస్తది. వినడానికి బాగుంది. తీసుకునే ముందు మాత్రం మూడు సంగతులు అడగండి.

ఒకటి, మోటరును బోరుల నుంచి పైకి తీసుడు, షాపుకు తీస్కపోవుడు, మళ్ల దింపుడు, ఈ ఖర్చులు ఇస్తరా? లోతు బోరుల ఈ పనికే బాగ ఖర్చయితది. వైండింగు పైసలు మాత్రమే ఇస్తమంటే సగం భారం మన మీదనే ఉన్నట్టు. రెండు, వైండింగు పాతబడి కాలితే "అరుగుదల" అని కొట్టేస్తరా? మూడు, అన్నిటికన్న ముఖ్యమైంది, సర్వేయరు వచ్చి చూసే దాక మోటరు విప్పొద్దు అంటరా? యాసంగిల వరి పొట్ట మీద ఉన్నప్పుడు నాలుగు రోజులు నీళ్లు లేకుంటె తాలు గింజలే మిగులుతయి. ఆ నష్టం ఏ పంపుసెట్టు పాలసీ ఇయ్యదు. మోటరు విషయంల మనకు కావాల్సింది పైసలకన్న ముందు వేగం. రేపు పొద్దుగాల్ల మోటరు మళ్ల బోరుల ఉండాలె.

అందుకే నేను చెప్పే బీమా వేరే ఉన్నది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులు ఒక డబ్బా పెట్టుకోవాలె. 12 మంది ఉన్నరనుకోండి. నెలకు మనిషికి 200 వేస్తే నెలకు 2,400, ఏడాదికి 28,800. మా దిక్కు 5 హెచ్‌పీ సబ్‌మర్సిబుల్ మోటరుకు వైండింగుకు ఆరు నుంచి ఎనిమిది వేల దాక తీసుకుంటున్నరు. అంటే ఏడాదికి మూడు మోటర్లు కాలినా డబ్బా తట్టుకుంటది. మొదటి ఏడాది ఎక్కువ కాలకపోతే, మిగిలిన పైసలతో ఒక స్పేర్ మోటరు కొని ఒకరి కొట్టంల పెట్టుకోవచ్చు. ఎవరిది కాలితే వాళ్లు ఆ మోటరు దింపుకొని నీళ్లు పారించుకుంటరు, తమది వైండింగు అయి వచ్చినంక తిరిగి ఇచ్చేస్తరు. సర్వేయరు లేడు, ఫారం లేదు, పంట ఆగదు.

దీనికి కట్టుబాటు ఉండాలె, లేకుంటె లొల్లి అయితది. ఇద్దరు సంతకాలు పెడితేనే పైసలు వచ్చేటట్టు బ్యాంకు ఖాతా తెరవాలె. లెక్క నోట్‌బుక్‌ల రాసి అందరికి ఫొటో పెట్టాలె. ఏడాదికి ఒక మోటరుకు ఎంత దాక ఇస్తరో ముందే రాసుకోవాలె. డబ్బాల పైసలు వడ్డీకి తిప్పొద్దు, పెండ్లికి చేబదులు ఇయ్యొద్దు. ఇది మనకు కొత్త పని గాదు. మన అక్కచెల్లెండ్లు పొదుపు సంఘాలల్ల ఇదే పని ఎన్నో ఏండ్ల నుంచి చేస్తున్నరు. మగోళ్లం మనమే పది మంది కలిసి ఒక పుస్తకం నడుపలేకపోతున్నం.

ట్రాన్స్‌ఫార్మర్ సంగతి కూడ ఇక్కడనే చెప్పాలె. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చుడు విద్యుత్ పంపిణీ సంస్థ బాధ్యత, మన దిక్కు అది టీజీఎస్‌పీడీసీఎల్. పల్లెలల్ల 48 గంటల లోపల మార్చాలని నియమం ఉన్నది. కాలిన వెంటనే చందాలు వేసి ట్రాక్టరు మాట్లాడే కన్న ముందు 1912 కు ఫోన్ చేసి, కంప్లైంటు నంబరు తీసుకొని రాసి పెట్టుకోండి. మనది కాని ఆస్తికి మన డబ్బా పైసలు పెట్టుడు అలవాటు చేసుకోవద్దు.

ఇంట్ల సామాన్లకు కూడ ఇదే పద్ధతి. ఒక ఖాతా పక్కన పెట్టి, నెలకు 300 వేసుకోండి. ఏడాదికి 3,600. గీజరు ఖరాబు కాకపోతే ఆ పైసలు మనయే. ప్లాన్ కడితే, ఖరాబు కాకున్నా పోయినట్టే.

రిపేరు రాకుంట చూసుకునుడు వీటన్నిటికన్న అగ్గువ. సబ్‌మర్సిబుల్ మోటరు చుట్టూ ఉన్న నీళ్లతోనే చల్లబడుతది. ఎండాకాలం నీటి మట్టం పడిపోయి ఉత్తగ తిరిగితే వైండింగు కాలుడు ఖాయం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినంక ఆటో స్టార్టరు పెట్టి పండుకునుడు అలవాటైంది. మనం నిద్రల ఉంటే మోటరు నీళ్లు లేని బోరుల తిరుగుతుంటది. నీళ్లు తగ్గితే తనంతట ఆగే ప్యానెల్ బోర్డు పెట్టండి. ఒక ఫేజు పోతే మోటరును ఆపే ప్రివెంటరు ఉండాలె. ఓల్టేజీ తక్కువున్నప్పుడు మోటరు ఎక్కువ కరెంటు లాగుతది, వేడెక్కుతది. కెపాసిటర్ ఉంటే లైను మీద భారం తగ్గి, అందరి మోటర్లకు ఓల్టేజీ కొంచెం నయమైతది. ఉచిత కరెంటు మొదలైన కొత్తల కెపాసిటర్ పెట్టాలని షరతు కూడ ఉండె. ఎంతమందిమి పెట్టినం? పెట్టినయిల ఎన్ని ఇంక పనిజేస్తున్నయి? లైనుల పది మంది పెడితేనే దాని ఫలితం కనబడుతది.

ఇంట్ల గీజరుకు మంచి ఎర్తింగు ఉండాలె. బోర్డుల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. కరెంటు లీకైతే కండ్లు మూసి తెరిచే లోపల లైను కొట్టేస్తది. ఏ ప్లాన్ అయినా మనిషి పోయినంక వచ్చేదే, ఇది మనిషిని కాపాడేది. గ్యాసు గీజరు ఉన్నోళ్లు దాన్ని స్నానాల గదిల పెట్టొద్దు. గాలి ఆడని చోట మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. మనిషి లోపలనే కూలిపోతడు.

ఇగ లండన్ ముచ్చట. ఇంగ్లండుల కిరాయి ఇంట్ల ఉండే పిల్లలు బాయిలర్ ఇన్సూరెన్సు కట్టొద్దు. అక్కడ చట్టం ప్రకారం కిరాయి ఇంటి బాయిలర్ రిపేరు ఇంటి ఓనరు బాధ్యత. ఏడాదికొకసారి గ్యాసు తనిఖీ చేయించుడు కూడ ఓనరు పనే. సొంత ఇల్లు కొనుక్కున్నోళ్లకు వేరే లెక్క. పాత బాయిలర్, ఇంట్ల చంటిపిల్ల, గడ్డకట్టే చలి ఉంటే, మనిషి వెంటనే వస్తడనే ధీమాకు పైసలు పెట్టుడు అర్థమైతది. కొత్త బాయిలర్ ఉండి, కంపెనీ వారంటీ ఇంక నడుస్తుంటే అక్కర లేదు. అక్కడ గూడ ఈ అమ్మకాలల్ల తప్పులు జరిగినయి. హోమ్‌సర్వ్ అనే సంస్థ ఇట్లాంటి ఇంటి అత్యవసర పాలసీలనే అమ్ముతది. తప్పుగ చెప్పి అమ్మినందుకు, ఇంకా కొన్ని లోపాలకు, 2014 ఫిబ్రవరిల అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ దానికి 3 కోట్ల పౌండ్లకు పైన జరిమానా వేసింది. అంత గట్టి చట్టాలున్న దేశంలనే ఆ పరిస్థితి ఉంటే, మనం ఫోన్ల విని "సరే" అనే ముందు ఇంకెంత ఆలోచించాలె?

మరి బీమా ఎక్కడ తప్పక ఉండాలె? ఇంటికి ఉండాలె. 2020 అక్టోబరు వానలు యాదికి తెచ్చుకోండి. హైదరాబాద్ చుట్టుపక్కల కాలనీలకు కాలనీలు నీళ్లల్ల ఉన్నయి. మునిగిన ఇండ్లకు ప్రభుత్వం ఇచ్చిన తక్షణ సాయం ఇంటికి 10,000. మంచిదే గాని, తడిసిన బియ్యం, పరుపులు, ఫ్రిజ్జు ముందు అది ఏ మూలకు? శామీర్‌పేట చెరువు దిక్కు, వాగుల పక్కన, చెరువు శిఖం దగ్గర ఇండ్లు కట్టుకున్నోళ్లు ఇది ఇంకా ఎక్కువ ఆలోచించాలె.

2021 ఏప్రిల్ 1 నుంచి "భారత్ గృహ రక్ష" అనే పాలసీ అన్ని జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలల్ల ఒకే షరతులతోని దొరుకుతున్నది. నిప్పు, పిడుగు, వరద, గాలివాన, భూకంపం, నీళ్ల ట్యాంకు పగులుడు, ఇట్లాంటి వాటన్నిటికి ఇంటికి, ఇంట్ల సామాన్లకు వర్తిస్తది. ఇంటికి ఎంతకు తీసుకుంటే దాంట్ల 20 శాతం, గరిష్ఠంగ 10 లక్షల దాక, ఇంట్ల మామూలు సామాన్లకు దానంతట అదే వస్తది. ఇందుల భూమి ధర లెక్కకు రాదు, కట్టిన ఖర్చే లెక్క. మన దిక్కు గజం ధర చూసి కోటి రూపాయల ఇల్లని భయపడొద్దు, మళ్ల కట్టడానికి ఎంతయితదో అంతకు తీసుకుంటే సరిపోతది. ఒక తేడా గుర్తుపెట్టుకోండి: షార్ట్ సర్క్యూటుతోని కాలిన గీజరుకు ఈ పాలసీ పైసలు ఇయ్యదు, ఆ మంట అంటుకొని ఇల్లు కాలితే ఇస్తది. బీమా పని అదే. చిన్నది మనం చూసుకోవాలె, పెద్దది అది చూసుకోవాలె. లోను మీద ఇల్లు కట్టినోళ్లు బ్యాంకు పాలసీ తీసిందో లేదో, తీస్తే ఎంతకు తీసిందో కాగితం అడిగి చూడండి.

గ్యాసు సిలిండరుకు మనం వేరేగ ఏమీ కట్టకుంటనే బీమా ఉన్నది. సిలిండరు ప్రమాదంల మనిషి పోతే 6 లక్షల దాక, రిజిస్టరైన చిరునామల ఆస్తి నష్టానికి 2 లక్షల దాక ఆయిల్ కంపెనీల పాలసీ ఉంటది. కొత్త ఇంట్లకు మారినంక గ్యాసు చిరునామా మార్చుకున్నరా? ఇది చానామంది మరిచిపోయే పని. పైపు ఐఎస్ఐ మార్కుది ఉండాలె. ప్రమాదం జరిగితే ఏజెన్సీకి వెంటనే రాసి ఇయ్యాలె.

ఇగ మనిషికి. బ్యాంకుల ఏడాదికి 20 రూపాయలకు ప్రధానమంత్రి సురక్ష బీమా ఉన్నది. 18 నుంచి 70 ఏండ్ల దాక వర్తిస్తది, ప్రమాదంల పోతే 2 లక్షలు. స్టార్టరు డబ్బా కాడ, ట్రాక్టరు మీద, పాము పుట్టల నడుమ తిరిగే మనకు ఇంత అగ్గువ బీమా ఇంకోటి లేదు. 2018 ల మొదలైన రైతు బీమాల పట్టా ఉన్నోళ్లకు 18 నుంచి 59 ఏండ్ల దాక 5 లక్షలు ఉన్నది. నామినీ పేరు సరిగ్గ ఉందో లేదో ఏఈఓ దగ్గర ఒకసారి చూసుకోండి. నామినీ పోయి ఏండ్లయినా మార్చనోళ్లు ఉంటరు.

ఇప్పటికే ఏదో ప్లాన్ తీసుకున్నోళ్లు భయపడొద్దు, గడువు అయిపోయే దాక గట్టిగ వాడుకోండి. ఖాతా నుంచి ఏటా దానంతట పైసలు కోసుకునే పర్మిషను ఇచ్చి ఉంటే బ్యాంకుల బంద్ పెట్టించండి. ఇన్సూరెన్సు కంపెనీ సతాయిస్తే ముందుగాల కంపెనీకి రాతపూర్వకంగ ఇయ్యండి. తర్వాత ఐఆర్‌డీఏఐ నంబరు 155255 ఉన్నది. ఆ పైన బీమా అంబుడ్స్‌మన్ ఉన్నడు, ఆఫీసు హైదరాబాదులనే, ఫీజు లేదు. సర్వీసు కాంట్రాక్టు అయితే వినియోగదారుల హెల్ప్‌లైను 1915. జిల్లా వినియోగదారుల కమిషనుల 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. ఫోన్ల చెప్పిన మాట నిలవదు, కాగితం మీద ఉన్నదే నిలుస్తది. అందుకే సంతకం పెట్టే ముందు "ఏవి వర్తించవు" అనే పేజీ మొదలు చదవండి. ఇంగ్లీషుల ఉంటే ఇంట్ల చదువుకునే పిల్లలతోని చదివించుకోండి.

ఎవరైనా ప్లాన్ అమ్మడానికి వస్తే మనల్ని మనం ఒక్క ప్రశ్న అడుగుకుందాం: ఈ నష్టం రేపే వస్తే నేను అప్పు చెయ్యాల్నా? చెయ్యాల్సిన పని లేదంటే ఆ పైసలు డబ్బాల వేసుకోండి. చెయ్యాల్సి వస్తదంటే బీమా ఆఫీసుకు నడవండి. వానకాలం మొదలు కాకముందే ఇంటి పాలసీ ఒకటి, ట్రాన్స్‌ఫార్మర్ కింద డబ్బా ఒకటి, ఈ రెండు పనులు చేసుకుంటే మనకు సగం గుబులు తగ్గుతది. మీ ఊర్ల ఇప్పటికే ఇట్లాంటి మోటరు డబ్బా నడుపుతున్నోళ్లుంటే కట్టుబాట్లు ఎట్ల పెట్టుకున్నరో రాయండి, అందరికి పనికొస్తది.